సవరణ: లివర్ యాక్షన్ రైఫిల్‌ను వదులుగా పట్టుకోవడం గురించి

పెద్ద కాలిబర్ (లావు తూటా) లివర్ యాక్షన్ వేట రైఫిళ్లపై, అంటే ట్రిగ్గర్ దగ్గరి మీటను ఆడించి తూటా ఎక్కించే రైఫిళ్లపై, ఇంతకుముందు పెట్టిన పోస్టులో, బట్‌ను (రైఫిల్ వెనక కొసను) భుజానికి కాస్త ఎడంగా, వదులుగా పట్టుకుంటే రికాయిల్ (కాల్చగానే రైఫిల్ వెనక్కి తన్నడం) దెబ్బ తగ్గుతుందని రాశాను. అది తప్పు; సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే. బాలిస్టిక్స్ పుస్తకాలూ, షూటింగ్ శిక్షకుల మార్గదర్శకాలూ చెప్పేది ఇందుకు పూర్తిగా విరుద్ధం.

ఖాళీ ఉంచితే రైఫిల్ ఆ కాస్త దూరంలోనే పూర్తి వేగం అందుకుని భుజాన్ని గుద్దుతుంది. బట్‌ను భుజం గుంటలో గట్టిగా ఆనించి, చెంపను స్టాక్‌కు (రైఫిల్ వెనకభాగపు పిడికి) అదిమి, ఒంటిని కొద్దిగా ముందుకు వంచి నిలబడితే, దేహం రైఫిల్‌తో కలిసి వెనక్కి కదులుతూ ఆ తోపును ఎక్కువ సేపట్లో భరిస్తుంది. బెంచి మీద కూర్చుని కాల్చినప్పుడు దేహానికి ఆ వెసులుబాటు ఉండదు కనుకనే అదే తూటా మరింత కటువుగా తగులుతుంది.

బట్‌కు తొడిగే రబ్బరు ప్యాడ్ రికాయిల్‌ను తొలగిస్తుందన్న మాటనూ సవరిస్తున్నాను: అది దెబ్బను ఎక్కువ సమయానికి, ఎక్కువ వైశాల్యానికి పంచుతుందే తప్ప మొత్తం తోపును తగ్గించదు. రికాయిల్ శక్తిని నిజంగా తగ్గించేవి రైఫిల్ బరువు పెంచడం, తూటా ఎంపిక. 3.2 కిలోల రైఫిల్‌ను 4 కిలోలకు పెంచితే, అదే తూటాకు రికాయిల్ శక్తి 20 శాతం తగ్గుతుంది. 1873 నాటి 45-70 అనే పెద్ద తూటాలో పాత రైఫిళ్లకు సరిపడే తక్కువ పీడనపు రకాలు నేటికీ దొరుకుతాయి. సాధన వాటితో మొదలుపెట్టడమే మేలు. మజిల్ బ్రేక్ (గొట్టం కొసన బిగించి, వాయువులను పక్కలకు మళ్లించే భాగం) కూడా రికాయిల్‌ను తగ్గిస్తుంది గానీ, శబ్దం బాగా పెరుగుతుంది కనుక చెవులకు రక్షణ లేకుండా దాన్ని వాడకూడదు.