నాగలా, గొలుసా? అయోవా ప్రైరీలో టౌన్‌షిప్ ఎలా పుట్టింది

వాదానికి తీసుకున్న అంశం ఇది: 1830ల చివర్లో అమెరికాలోని అయోవా గడ్డిమైదానంలో, జాన్సన్ కౌంటీ ప్రాంతంలో టౌన్‌షిప్‌లు, అంటే కొలిచి గీసిన భూమి గడులూ వాటిలోని ఊరి పాలనలూ, వెలిశాయి. వాటిని నిలబెట్టింది బీడు చీల్చిన రైతా, గీత గీసిన ప్రభుత్వమా? ఒక పక్షం నాగలి, రెండో పక్షం సర్వేవాళ్లు భూమి కొలిచే గొలుసు.

నాగలి: బావగారూ, ముందు తేదీలు చూడండి. మిసిసిపీ పడమటి ఒడ్డున భూమి తెల్లవాళ్లకు తెరుచుకుంది 1833 జూన్ 1న. అయోవాలో మీ సర్వే మొదలైంది 1836లో. డబ్యూక్‌లో, బర్లింగ్టన్‌లో ప్రభుత్వ భూమి అమ్మే ల్యాండ్ ఆఫీసులు తెరిచేసరికి 1838 వచ్చింది. ఆ అయిదేళ్లూ రైతులు ఖాళీగా కూర్చోలేదు. చెట్లకు గాట్లు పెట్టి హద్దులు చెప్పుకున్నారు, గుడిసెలు వేశారు, మొక్కజొన్న పండించారు. 1839లో జాన్సన్ కౌంటీ వాళ్లు క్లెయిమ్ (పట్టా లేకుండానే నాదని చెప్పుకున్న భూమి) సంఘం పెట్టుకుని ఎవరి హద్దు ఎక్కడో పుస్తకంలో రాసుకున్నారు. తగాదా వస్తే తామే తీర్చుకున్నారు. పట్టా రాకముందే ఊరు ఉంది.

గొలుసు: తెరుచుకుంది అంటున్నారు, తలుపు దానంతట అదే తెరుచుకుందా? 1832లో బ్లాక్ హాక్ యుద్ధం జరిగింది. ఆ ఆగస్టులో బ్యాడ్ యాక్స్ దగ్గర నది దాటుతున్న సాక్ అనే ఆదివాసీ తెగ జనాన్ని సైన్యం ఊచకోత కోసింది. సెప్టెంబరు 21న ఒప్పందం రాయించుకుని నది పొడవునా సుమారు 60 లక్షల ఎకరాలు తీసుకున్నారు. 1837లో ఇంకో ఒప్పందంతో మరో పన్నెండున్నర లక్షల ఎకరాలు పోయాయి. ఇంకో మాట, 1833 జూన్ కంటే ముందే డబ్యూక్ సీసపు గనుల్లో దిగిన మీవాళ్లను ఖాళీ చేయించింది కూడా ఆ సైన్యమే. రైతు ధైర్యం మీద ఊరు నిలిచిందంటే, ఆ ధైర్యానికి ముందొకటీ వెనకొకటీ తుపాకులు ఉన్నాయని కూడా చెప్పాలి.

నాగలి: తుపాకీ సంగతి కాదనను. కానీ తుపాకీ గింజ మొలిపించదు. తొలిదుక్కి అంటే ఏమిటో మీ గొలుసు మోసినవాళ్లకు తెలుసా? ఆ గడ్డి వేళ్లు చాపలా అల్లుకుని ఉంటాయి. బీడు చీల్చే నాగలికి మూడు నుంచి ఆరు జతల ఎద్దులు కావాలి. చాలు వెడల్పు రెండడుగులు, లోతు మాత్రం రెండు మూడు అంగుళాలే. లోతు ఎక్కువైతే గడ్డ తిరగబడినా వేళ్లు చావవు, మట్టి కుళ్లదు. అదను కూడా చిన్నదే, మే నడిమి నుంచి జూన్ చివరి దాకా. ముందు దున్నితే గడ్డి మళ్లీ లేస్తుంది, ఆలస్యమైతే చలికాలం లోపు కుళ్లదు. కర్రును రోజులో ఒకటికి రెండుసార్లు ఆకురాయితో రాసి పదును పెట్టకపోతే వేళ్లు తెగవు, ఎద్దులు ఆగిపోతాయి. రెండడుగుల చాలుతో ఎకరం దున్నాలంటే నాలుగు మైళ్లకు పైగా నడక. రోజుకు రెండెకరాలంటే ఎనిమిది మైళ్లు, ఎద్దుల వెనకాల.

గొలుసు: 1837లో జాన్ డీర్ రంపపు ఉక్కుతో చేసిన నాగలి వచ్చాక కష్టం తీరిందని పిల్లల పుస్తకాల్లో ఉంటుందే.

నాగలి: అక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. డీర్ ఇల్లినాయ్‌లోని గ్రాండ్ డిటూర్‌లో చేసింది బీడు చీల్చే నాగలి కాదు. ఒకసారి చీల్చిన పొలాన్ని మళ్లీ దున్నేటప్పుడు జిగట నల్లమట్టి నాగలి ఇనుప రెక్కకు, అంటే మట్టిని తిరగేసే పలకకు, అంటుకుపోయేది. రైతు అడుగడుక్కీ ఆగి చెక్కతో గీకాల్సి వచ్చేది. నున్నటి ఉక్కు రెక్క మీద మట్టి జారిపోతుంది, డీర్ చేసిన మేలు అది. బీడు చీల్చే పెద్ద నాగళ్లకు మాత్రం చాలాచోట్ల కర్ర రెక్కే ఉండేది, మీద ఇనుప పట్టీలు కొట్టి. ఇక తొలి ఏడాది పంట అంటారా, తిరగబడిన గడ్డలో గొడ్డలితో గాటు పెట్టి, మూడు నాలుగు మొక్కజొన్న గింజలు వేసి, మడమతో తొక్కడమే. కలుపు తీయడం లేదు, దిగుబడీ అంతంతే. అయినా ఆ ఏడాది పశువులకు మేత దొరికేది.

గొలుసు: బాగుంది. మరి ఆ గడ్డ ఎవరిదో తేల్చిందెవరు? చెట్టుకు గాటు పెట్టి ఇది నాదంటే వేరే ఊళ్లో అప్పు పుట్టదు, అమ్మడానికి కాగితం రాదు. 1785 చట్టం పద్ధతి చూడండి. ఆరు మైళ్లకు ఆరు మైళ్లు టౌన్‌షిప్, దాన్ని 36 సెక్షన్లుగా కోస్తే ఒక్కోటి 640 ఎకరాలు, క్వార్టర్ అంటే 160. గుంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, 80 గొలుసులు మైలు, పది చదరపు గొలుసులు ఎకరం. మనకేమీ కొత్త కాదిది. మన సెంటు సరిగ్గా చదరపు గొలుసులో పదో వంతు, తెలంగాణ గుంట నాలుగో వంతు. అయోవా రైతు ఎకరమూ కోనసీమ ఎకరమూ ఒకే ఇనుప గొలుసుకు పుట్టిన పిల్లలు.

నాగలి: పిల్లలు సరే, తల్లి వంకర కాదా? చైన్‌మన్ పొలంలో లాగేది 33 అడుగుల సగం గొలుసు. మైలుకు 160 సార్లు పరుస్తాడు. రింగులు అరిగి గొలుసు అర అంగుళం సాగితే మైలుకు 80 అంగుళాలు, అంటే ఆరడుగులు దాటి తేడా.

గొలుసు: తేడా ఉంది, దాన్ని ఎక్కడ దాచాలో కూడా పద్ధతి ఉంది. టౌన్‌షిప్ లోపల గీతలన్నీ కలిపితే 60 మైళ్లు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి, చతురస్రం సరిగ్గా కుదరదు. కాబట్టి లెక్క తప్పిందంతా ఉత్తరపు వరుసలోకి, పడమటి వరుసలోకి నెట్టేస్తారు. అక్కడి రైతుకు 160కి బదులు 154 రావచ్చు, 167 రావచ్చు. మిగతావాళ్లకు లెక్క చక్కగా ఉంటుంది. మూలన అడవి ఉంటే గుంజ పాతి, పక్క చెట్లకు గుర్తు చెక్కి, దిక్కూ దూరమూ పుస్తకంలో రాస్తారు. చెట్టే లేని ప్రైరీలో గొయ్యి తవ్వి మట్టి దిబ్బ పోస్తారు, కింద బొగ్గు పెడతారు. గుంజ కుళ్లినా బొగ్గు కుళ్లదు. ముఖ్యమైన సంగతి, 1805 చట్టం ప్రకారం పాతిన మూలే అసలు మూల. తర్వాత ఎంత మంచి పరికరంతో కొలిచినా అది కదలదు. అరిగిన గొలుసుతో కొలిస్తే మైలు కాస్త పొడుగవుతుంది, అంటే మీ రైతుకే ఆ అడుగులు కలిసొచ్చాయి, గొణగడం దేనికి?

నాగలి: సర్వే వచ్చాక మావాళ్లు పడ్డ అవస్థ మీ పుస్తకాల్లో ఉండదు. రైతు అడవి అంచు పట్టుకుని, వాగు వంపు వెంట పొలం చేసుకున్నాడు. గీత నిలువునా వచ్చి ఇల్లు ఒక క్వార్టర్‌లో, బావి ఇంకో క్వార్టర్‌లో పడేసింది. ఇరుగుపొరుగు వాళ్లు పట్టా వచ్చాక ఒకరికొకరు ముక్కలు రాసిచ్చుకుని సర్దుకున్నారు. ప్రభుత్వం భూమి వేలం వేసిన రోజున సంఘం తరఫున ఒకణ్ణి నిలబెట్టి, ఎకరం డాలరు పావలాకే ఎవరి ముక్క వాళ్ల పేరున పాడించుకున్నారు. బయటి షావుకారు పాట పెంచకుండా కాపాడింది సంఘమే.

గొలుసు: కాపాడింది అనకండి, కర్రలు పట్టుకుని నిలబడింది అనండి. పాట పెంచినవాడికి దెబ్బలు పడతాయని అందరికీ తెలుసు. పైగా ఆ సంఘంలో ఉన్నవాళ్లంతా దున్నేవాళ్లేనా? క్లెయిమ్‌లు కొని అమ్మి లాభం చూసుకున్న సభ్యులూ అందులో ఉన్నారు. షావుకారిని గేటు దగ్గర ఆపారు, చిన్న షావుకార్లు లోపలే ఉన్నారు.

నాగలి: ఉండొచ్చు. కానీ డాలరు పావలా అనగానే భూమి చవక అనుకుంటారు చదివేవాళ్లు. 160 ఎకరాలకు 200 డాలర్లు. బీడు చీల్చే కూలి ఎకరానికి రెండు మూడు డాలర్లు, అంటే భూమి ధర కంటే ఎక్కువ. తర్వాత కంచె. నలభై ఎకరాల చతురస్రానికి చుట్టూ మైలు కంచె. పదడుగుల కర్రలు వంకరటింకరగా పేర్చితే ఒక్కో మడతకు ఎనిమిది అడుగుల ముందడుగు, ఎత్తు ఎనిమిది కర్రలు. లెక్క కట్టండి, అయిదు వేలకు పైగా కర్రలు. రోజుకు నూరు చీల్చే మనిషికి యాభై రోజుల పైన పని. పశువులు విడిగా తిరిగే కాలం కాబట్టి కంచె పంటకే వేయాలి. ముళ్ల తీగకు గ్లిడెన్ పేటెంట్ వచ్చింది 1874లో. అందుకే మొదట అందరూ చెట్ల తోపుల చుట్టూ దిగారు. ఆలస్యంగా వచ్చినవాడు ఇంటికి మైళ్ల దూరంలో పదెకరాల అడవి ముక్క విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. లేదా 16వ సెక్షన్‌లో రాత్రిపూట గొడ్డలి మోగేది.

గొలుసు: బడికి వదిలిన సెక్షన్‌లోనా! బావగారూ, మీ ఊరి స్వయంపాలన బడి చెట్ల దాకా వచ్చిందన్నమాట.

నాగలి: ఎగతాళి సరే. బడికి భూమి రాసింది మీరు. గోడలు లేపి పంతులమ్మకు వంతులవారీగా అన్నం పెట్టింది ఊరు.

గొలుసు: అది ఒప్పుకుంటాను. టౌన్‌షిప్ అనే పేరు కింద రెండు వస్తువులున్నాయి. ఒకటి నా గీతల గడి, రెండోది ట్రస్టీలు, క్లర్కు, రోడ్డు పని చూసే మనిషి ఉన్న పరిపాలన. రెండోది మీది. కానీ ఆ రోడ్డు పోయింది నా సెక్షన్ గీత మీదే. వెడల్పు 66 అడుగులు, సరిగ్గా ఒక గొలుసు.

నాగలి: అయితే ఇదీ వినండి. మీ 36 సెక్షన్లకు అంకెలు ఎలా వేశారు? ఈశాన్య మూలలో ఒకటి, అక్కడి నుంచి పడమటికి ఆరు, కింద వరుసలో వెనక్కి తూర్పుకు, మళ్లీ పడమటికి. ఎద్దులు చాలు చివర తిరిగి వచ్చినట్టు. గొలుసు కూడా నాగలి నడకే నేర్చుకుంది.

గొలుసు: నడక మీదే అనుకుందాం. ఇక భూమి మీద హక్కు దున్నినవాడిదే అన్నది మీ వాదం. అయోవా నది వెంట మెస్క్వాకీ ఆదివాసులు తరాలుగా మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించారు. 1842 ఒప్పందంతో 1845 అక్టోబరు 11కి వాళ్ల చివరి గడువు ముగిసింది. కొందరు వెళ్లలేదు, కొందరు తిరిగొచ్చారు. 1856లో రాష్ట్రం ఉండనిచ్చింది. 1857 జులైలో, మీ జాన్సన్ కౌంటీకి ఎగువన, అదే నది ఒడ్డున టామా కౌంటీలో వాళ్లు 80 ఎకరాలు కొన్నారు. వెయ్యి డాలర్లు.

నాగలి: ఎకరం పన్నెండున్నర. ప్రభుత్వ ధరకు పదింతలు.

గొలుసు: పట్టా ఎవరి పేరున రాశారో కూడా చెప్పండి.

నాగలి: గవర్నరు పేరున.