26 అంగుళాల రైఫిల్ బ్యారెల్ (తుపాకీ గొట్టం) గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నవంబరు మొదటి శనివారం టెక్సాస్‌లో జింకల సీజన్ మొదలు. తుపాకుల కొట్లో కౌంటరు వెనక వరసలో అందరి తలలూ దాటి కనిపించేది తమరే కాబట్టి ఈ లేఖ తమరికే రాస్తున్నాను. 1972 నాటి వన్యప్రాణి చట్టం పుణ్యమా అని ఇండియాలో మాకు ఈ టెన్షన్ లేదు. ఇక్కడేమో హెచ్‌1బీ వాడికి తుపాకీ అమ్మాలంటే మామూలుగా వేట లైసెన్స్ చూపించమంటారు. అది చేతికొచ్చిన రోజు నుంచి, ఎన్ని అంగుళాల బ్యారెల్ కొనాలన్నది గ్రీన్‌కార్డు కంటే పెద్ద సమస్యై కూర్చుంటుంది.

తమరి ఘనత తెలియక కాదు. గొట్టం పొడుగయ్యేకొద్దీ తుపాకీ మందు మండిన గ్యాస్ తూటాను ఇంకాస్త సేపు తోస్తుంది. వేటలో బాగా వాడే .308 రకం తూటాకైతే అంగుళానికి సెకనుకు ఓ 20, 25 అడుగుల వేగం పెరుగుతుంది. అంటే 20 అంగుళాల తమ్ముడి మీద తమరి ఆధిక్యం మహా అయితే 150 అడుగులు. అసలు వేగమే 2,700 దాకా ఉంటుంది. వంద గజాల్లో, ఫీడర్ (జింకలకు మేత రాల్చే డబ్బా) రాల్చిన మొక్కజొన్న గింజలు ఏరుకు తినే జింకకు ఆ తేడా ఎవరు వివరిస్తారు?

అయినా మావాళ్లు తమరినే కొంటారు. "ఎప్పుడైనా ఐదొందల గజాల్లో కొట్టాల్సి వస్తే?" అంటారు. వయోమింగ్ మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు కోసం తిరిగేవాళ్లకూ, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ లాంటి మందు ఎక్కువ పట్టే తూటాలు వాడేవాళ్లకూ తమరు కావాలి, ఒప్పుకుంటాను. మా మంచె మాత్రం కాళ్ల మీద నిలబెట్టిన ప్లైవుడ్ డబ్బా. కిటికీ చిన్నది. కుర్చీలో మెల్లగా పక్కకు తిరిగి గురి పెట్టబోతే తమరి మూతి చట్రానికి టంగుమని తగులుతుంది. జింక తల ఎత్తుతుంది. తర్వాత తోక ఎత్తుతుంది. ఆ తెల్ల తోక పొదల్లో మాయమయ్యాక, అదనపు 150 అడుగుల వేగాన్ని ఏం చేసుకోమంటారో సెలవియ్యండి.

పొడుగు బ్యారెల్‌కు గురి ఎక్కువన్న ప్రచారం కూడా ఆపించండి. మందం ఒకటే అయితే పొట్టిదే బిగువుగా ఉంటుంది, తక్కువ ఊగుతుంది.

అలాగని పొట్టివాళ్లను వెనకేసుకు రావడం లేదు. ఫెడరల్ చట్టం 1934లో రైఫిల్‌కు 18 అంగుళాల హద్దు పెట్టి, 1960లో 16కు దించింది. అంతకు తగ్గితే రిజిస్ట్రేషన్ తప్పదు. సరిగ్గా 16కు కోయించుకున్నవాడు, చెవులు గింగుర్లెత్తే మోత భరించలేక ఏడంగుళాల సైలెన్సర్ బిగిస్తాడు. వెరసి 23. సైలెన్సర్ మీద 200 డాలర్ల పన్ను 2026 జనవరి నుంచి సున్నా కాబట్టి, పొట్టివాళ్లంతా ఇంకా హుషారుగా పొడుగవుతున్నారు.

నేను 22 తీసుకున్నాను. వెంటనే న్యూజెర్సీ నుంచి బావమరిది ఫోను: "24 అయితే బాగుండేది కదా బావా!" వాడికి తుపాకీ లేదు.

ఇట్లు,
తమరి మాజీ అభిమాని