మాస్టర్ బ్రౌజర్ గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ మాస్టర్ బ్రౌజర్ గారి సముఖానికి, కందుకూరులో కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం ఎలా తెలుసుకోవాలో అర్థం కాలేదు. మీ లోకంలో చెప్పకుండా పోయినవాడి పేరు కూడా 36 నిమిషాల దాకా జాబితాలో ఉంటుంది గదా. అందుకని అంతసేపూ ఆగి మరీ ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీరెవరో ఈ కాలం పిల్లలకు తెలియదు. పాత విండోస్‌లో నెట్‌వర్క్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే ఆఫీసులో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ వరసగా కనపడేవి. ఆ కంప్యూటర్లలోనే ఒకదాని మీదెక్కి ఆ జాబితా పట్టుకుని కూర్చున్న పెద్దమనిషి మీరే. మీ వంశమూలం నెట్‌బయాస్, కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకునే పద్ధతి, 1983 నాటిది. పేరుకు 15 అక్షరాలే ఇస్తారు, పదహారో చోట ఆ పేరుగలవాడు ఏం పని చేస్తాడో చెప్పే గుర్తు. ఇంటిపేరుతో కలిపి రాస్తే మా ఊళ్లో సగం మందికి మీ దగ్గర చోటు దొరకదు.

అదలా ఉంచండి. మీ ఎన్నికల గురించి మాట్లాడాలి.

మాకు అయిదేళ్లకోసారి ఎన్నికలు. మీకు అలా కాదు. ఎవరో ఒకరు ఆన్ అయి "ఇక్కడ నాయకుడెవరు?" అని అడగాలి, జవాబు రాకపోతే అప్పటికప్పుడే ఎన్నిక. ఓటర్లు లేరు, అందరూ అభ్యర్థులే. ఎవరి హోదా అంకె పెద్దదైతే వాళ్లదే గెలుపు. అంకెలు సమానమైతే ఎక్కువసేపటి నుంచి ఆన్‌లో ఉన్నవాడిది. విండోస్ ఎన్‌టీ సర్వర్ అంకె 32, వర్క్‌స్టేషన్‌ది 16. యూఎస్‌బీ డిస్కు తగిలించుకునే రౌటర్లలో ఆ డిస్కును విండోస్ కంప్యూటర్లకు చూపించే సాంబా అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఎవరూ చెయ్యి పెట్టకపోతే దాని అంకె 20. అంటే సర్వర్ లేని చిన్న ఆఫీసులో, ఎనిమిది జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్లందరికీ డిపాజిట్లు గల్లంతు చేసి, అరచెయ్యంత రౌటర్ గెలిచి కూర్చుంటుంది. ఇలాంటి ఫలితాలు మాకూ కొత్తేం కాదు లెండి.

గెలిచాక మీరు చేసే పని హాజరు వేయడం. ప్రతివాడూ 12 నిమిషాలకోసారి "నేనున్నాను" అని చెప్పాలి. మూడుసార్లు పలక్కపోతే అప్పుడు పేరు కొట్టేస్తారు. ముప్పై ఆరు లెక్క అదే. ఈలోగా ఆ పేరు మీద నొక్కినవాడు కంప్యూటర్ చెడిపోయిందని నాకు ఫోన్ చేస్తాడు.

ఇక అసలు విషయం. మా ఊళ్లో ఒక పొగాకు వ్యాపారి ఉన్నాడు. ఆయన ఆఫీసులో బేళ్ల లెక్కలన్నీ రౌటర్ వెనక తగిలించిన డిస్కులోనే. వేలాలు జోరుగా సాగుతున్న రోజుల్లో కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. పాత కంప్యూటర్లో డిస్కు తెరుచుకుంటుంది. కొత్తదాంట్లో నెట్‌వర్క్ కిటికీ తెరిస్తే తెల్లకాగితం.

"ఏంది అబ్బాయ్, గుమాస్తాకి కనపడేది నాకు కనపడదా? ఈ ల్యాప్‌టాప్ మీద అరవై వేలు పెట్టానే!"

"డిస్కు ఎక్కడికీ పోలేదన్నా. జాబితాలో పేరు లేదు, అంతే."

ఆయనకు నచ్చజెప్పడానికి మా ఊరి కథే చెప్పాను. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు అటు పోయింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇన్నిసార్లు మారినా ఊరు అంగుళం కదల్లేదు. కావలసినవాళ్లు బస్సెక్కి నేరుగా వస్తున్నారు. మనం కూడా నేరుగా వెళ్దాం అన్నాను.

రౌటర్ చిరునామా 192.168.1.1కి, ఉన్నావా అని పింగ్ కొట్టాను, జవాబు వచ్చింది. రెండు వెనకగీతలు పెట్టి అదే అంకె టైప్ చేశాను. ఈసారి తలుపు తీయలేదు గానీ కారణం చెప్పింది: ఈ షేర్ కాలం చెల్లిన ఎస్‌ఎమ్‌బీ1 అడుగుతోంది, అది భద్రం కాదు, కుదరదు. ఆయన నా భుజం మీదుగా వంగి చూసి "కాలం చెల్లింది అంటే రౌటరా, నేనా?" అన్నాడు.

నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి, మీ జతగాడే ఆ ఎస్‌ఎమ్‌బీ1. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది అందులోని కన్నంలోంచే. దాన్ని పూడ్చే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు వేసుకోలేదు. ఆ అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్‌తో మొదలుపెట్టి, కొత్తగా వేసుకున్నవాళ్లకు ఎస్‌ఎమ్‌బీ1 ఇవ్వడం మెల్లమెల్లగా మానేశారు. అతని భుజాల మీద కూర్చున్న మీరూ దిగిపోయారు. పాత కంప్యూటర్లలో మిగిలినవాడు కూడా 15 రోజులు పని పడకపోతే తనంతట తానే మూటాముల్లె సర్దుకుంటాడు. గుమాస్తా రోజూ డిస్కు తెరుస్తాడు గనుక అక్కడ బతికి ఉన్నాడు.

దగ్గరి దారి నాకు తెలుసు. విండోస్ ఫీచర్లలోకి పోయి ఎస్‌ఎమ్‌బీ1 పక్కన ఒక టిక్కు పెడితే రెండు నిమిషాల్లో డిస్కు కనపడుతుంది, మూడు వందలు చేతిలో పడతాయి. గతంలో కొన్నిచోట్ల పెట్టాను కూడా, మీ దగ్గర దాపరికం ఎందుకు. ఈసారి ఏడాది లెక్కలు చూశాక మనసొప్పలేదు. రౌటర్ పేజీలో ఎస్‌ఎమ్‌బీ వెర్షన్ మార్చే చోటేమైనా ఉందా అని వెతికాను, లేదు. ఫర్మ్‌వేర్, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్, కొత్తది కూడా లేదు. డిస్కు పీకి గుమాస్తా కంప్యూటర్‌కు తగిలించి, అక్కణ్ణుంచి షేర్ చేశాను. ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అని నోరు తిరగని సర్వీసు ఒకటుంది, కంప్యూటర్ పేరును నెట్‌వర్క్‌లో చాటేది, దాన్ని ఆటోమేటిక్ చేశాను. కాసేపటికి కొత్త ల్యాప్‌టాప్‌లో పేరు కనపడింది. ఈ కొత్త పద్ధతిలో నాయకుడు లేడు. వచ్చినవాడు వచ్చానని చెబుతాడు, పోయేవాడు పోతున్నానని చెబుతాడు, కావలసినవాడు కేకేసి అడుగుతాడు.

ఎందుకైనా మంచిదని ఆ కంప్యూటర్ ఐపీ మారకుండా కట్టేసి, దాని పేరుతోనే జెడ్ డ్రైవ్ పెట్టాను. గుమాస్తా వైపు పాత టిక్కు తీసేశాను.

అంతా అయ్యాక, నెట్‌వర్క్‌లో పోయే మాటలన్నీ చూపించే వైర్‌షార్క్ తెరిచి చూస్తే 138 పోర్టులో మీరు కనపడ్డారు. డిస్కు లేదు, జాబితా అడిగేవాడు లేడు, పోటీకి నిలబడేవాడు లేడు. అయినా రౌటర్లోంచి మీరు వర్క్‌గ్రూప్ మొత్తానికి చాటింపు వేస్తున్నారు, ఇక్కడ నాయకుణ్ణి నేనే అని. నేను టీ తాగి వచ్చేసరికి మళ్లీ వేశారు. ఆపుదామని రౌటర్ పేజీ తెరిచి ఫైల్ షేరింగ్ బటన్ మీద వేలు పెట్టి, నిజం చెప్పొద్దూ, కాస్త ఆలోచించాను. తర్వాత నొక్కేశాను.

జవాబు రాయాలనుకుంటే కందుకూరు అని రాయండి, చేరుతుంది. జిల్లా పేరు మాత్రం మీ జాబితా చూసి వేయకండి.

ఇట్లు,
మీ ఓటరు కానివాడు