లీజుకు ముందే లెక్క తేలాలి

సముద్రంలో గాలిమరలు నిలబెట్టడానికి దేశంలో అన్నిటికన్నా అనువైన చోట్లు రెండని కేంద్రం గుర్తించింది. ఒకటి గుజరాత్ తీరం, రెండోది తమిళనాడు దక్షిణ తీరం. రెండు చోట్లా కలిపి దాదాపు 70 గిగావాట్ల కరెంటు తీయవచ్చని అంచనా. తమిళనాడు వాటాలో ముఖ్యభాగం మన్నార్ సింధుశాఖ, దాని చుట్టుపక్కల సముద్రం. అదే సింధుశాఖలో రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులు వరసగా ఉన్నాయి. వాటి చుట్టూ పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి మేటలు, వాటి మీద బతికే సముద్రపు ఆవులు (డుగాంగ్‌లు), తాబేళ్లు ఉన్నాయి. ఆ దీవులను 1986లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 1989లో 10,500 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా గుర్తించారు. గాలి బాగా వీచే చోటూ, మనం కాపాడతామని మాట ఇచ్చిన చోటూ ఇలా పక్కపక్కనే వచ్చాయి.

సముద్రంలో గాలిమరలు వద్దని మేము అనడం లేదు. కావాలి. బొగ్గు పొగ తగ్గకపోతే సముద్రం ఇంకా వేడెక్కుతుంది. 2010లో, మళ్లీ 2016లో మన్నార్ పగడాలు తెల్లబారి చనిపోయింది ఆ వేడికే. పగడాన్ని నిజంగా కాపాడాలనుకునేవాళ్లు గాలి విద్యుత్‌కు శత్రువులు కాలేరు. మా పట్టింపు ఒక్కటే. ఏ చోట పెడితే ఏ జీవికి ఎంత నష్టమో ముందు తేలాలి, ఆ తర్వాతే ఆ చోటును లీజుకు ఇవ్వాలి. ఇప్పుడున్న పద్ధతిలో ఈ వరస తలకిందులయ్యే ప్రమాదం ఉంది.

సముద్ర పవన విద్యుత్ విధానం 2015లో వచ్చింది. 2030 నాటికి 30 గిగావాట్లు సాధిస్తామని 2018లో లక్ష్యం పెట్టుకున్నారు. 2023 డిసెంబరులో లీజు నిబంధనలు వచ్చాయి. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.7,453 కోట్ల సాయానికి ఒప్పుకుంది. గుజరాత్‌లో 500 మెగావాట్లు, తమిళనాడులో 500 మెగావాట్లు నిర్మించాలన్నది ఆ పథకం. ఇంత జరిగినా మన సముద్రంలో వాణిజ్య గాలిమర ఒక్కటీ ఇంకా తిరగడం లేదు. పిలిచిన టెండర్లు కూడా 2025లో రద్దయ్యాయి. పరిశ్రమకు ఇది నిరాశే. కానీ ప్రభుత్వం తలుచుకుంటే ఈ విరామాన్ని మంచి పనికి వాడుకోవచ్చు. కొత్త టెండర్ పిలిచేలోగా సముద్రాన్ని పరిశీలించడానికి ఇంతకన్నా మంచి అదను మళ్లీ దొరకదు.

చట్టం పరిస్థితి ఏమిటో చూద్దాం. పర్యావరణ ప్రభావ అంచనాకు మన దేశంలో ఆధారం 2006 నాటి నోటిఫికేషన్. ఏ ప్రాజెక్టుకు ముందస్తు అనుమతి కావాలో చెప్పే దాని షెడ్యూల్‌లో గాలి విద్యుత్ లేదు. భూమ్మీద పదీ ఇరవై మరలు పెట్టే రోజుల్లో ఇచ్చిన మినహాయింపు అది. ఒక్కో రెక్క వంద మీటర్ల పొడవుండే సముద్రపు యంత్రాలకు ఇవాళ అదే అక్కరకొస్తోంది. సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నిబంధనలు తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకే, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకే వర్తిస్తాయి. గాలి బాగా దొరికేది ఆ గీతకు అవతల కూడా. పర్యావరణ అధ్యయనం చేయాలని 2015 విధానం చెబుతున్న మాట నిజమే. అయితే విధానం చట్టం కాదు. ఎన్ని నెలలు పరిశీలించాలి, ఏయే జీవులను లెక్కించాలి, నివేదిక జనానికి చూపాలా వద్దా, మత్స్యకారుల మాట ఎక్కడ వినాలి, నివేదిక ‘వద్దు’ అంటే ఏం చేయాలి? వీటికి కట్టుబడి తీరాల్సిన జవాబు చట్టంలో లేదు.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచిన యూరప్ ఎక్కడెక్కడ తడబడిందో చూస్తే చాలా తెలుస్తుంది. 1991లో డెన్మార్క్ విండెబీ దగ్గర 11 మరలతో మొదలైన ప్రయాణం అది. 1992 నాటి యూరప్ ఆవాసాల చట్టం ప్రకారం, రక్షిత ప్రాంతానికి హాని చేయగల ఏ ప్రాజెక్టునైనా ముందు పరిశీలించాలి. తప్పనిసరి ప్రజా ప్రయోజనం ఉండి, నష్టానికి పరిహారం చేస్తే తప్ప, హాని లేదని తేలాకే అనుమతి ఇవ్వాలి. నెదర్లాండ్స్ తీరంలోని వాడెన్ సముద్రంలో యంత్రాలతో గుల్లలు తవ్వే కేసులో 2004లో యూరప్ న్యాయస్థానం దీన్ని మరింత గట్టిగా చెప్పింది. శాస్త్రపరంగా సహేతుకమైన సందేహం మిగలకూడదంది. 2018లో ఐర్లండ్ నుంచి ఇంకో కేసు వచ్చింది. ఒక గాలి విద్యుత్ ప్రాజెక్టు కేబుల్ వల్ల నదిలోని ముత్యపు చిప్పలకు హాని జరుగుతుందేమోనన్నది వివాదం. ‘నష్టం తగ్గించే చర్యలు తీసుకుంటాం కాబట్టి పూర్తి పరిశీలన అక్కర్లేదు’ అనే వాదన చెల్లదని కోర్టు తేల్చింది. ఈ తీర్పును మన అధికారులు ప్రత్యేకంగా చదవాలి. మన దేశంలో ఎన్నో పర్యావరణ నివేదికలు సరిగ్గా ఆ వాదన మీదే నిలబడి ఉన్నాయి.

పరిశీలన ఆలస్యమైతే కంపెనీకీ నష్టమే. థేమ్స్ ముఖద్వారం దగ్గర 175 మరలతో లండన్ ఆరే అనే గాలిమరల క్షేత్రం మొదటి దశ 2013లో పూర్తయింది. రెండో దశను 2014లో వదులుకున్నారు. ఎర్రగొంతు డైవర్ అనే నీటిపక్షి శీతాకాలం గడిపే చోటు అది. పక్షులకు హాని లేదని తేల్చడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుందని తెలిశాక కంపెనీ వెనక్కి తగ్గింది. ఈ పక్షులు మరల దగ్గరికే రావని, 10 కిలోమీటర్ల దాకా వాటి సంఖ్య బాగా పడిపోతుందని తర్వాత జర్మన్ సముద్రంలో చేసిన అధ్యయనాలు చూపాయి. మరోవైపు స్కాట్లండ్‌లోని అబర్డీన్ తీరంలో రెండేళ్లపాటు కెమెరాలు, రాడార్లతో గమనిస్తే ఒక్క పక్షి కూడా రెక్కలకు తగిలినట్టు నమోదు కాలేదు. అంటే మనం భయపడే నష్టం ఒకటైతే, జరిగేది ఇంకొకటి కావచ్చు. రెక్క తగిలి చచ్చేవి తక్కువై, మేత మేసే చోటు పోగొట్టుకునేవి ఎక్కువ కావచ్చు. ఏ జీవికి ఏది ముప్పో ఆ నీళ్లలోనే చూసి తెలుసుకోవాలి. ఉత్తర సముద్రంలో తేలిన లెక్కను మన్నార్‌కు తెచ్చి అతికించలేం.

హార్న్‌సీ కథ ఇంకా ముఖ్యమైనది. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఫ్లాంబరో కొండచరియల మీద కిట్టివేక్ అనే సముద్రపు పక్షులు 40,000కు పైగా జంటలు గూళ్లు పెడతాయి. ఆ సముద్రంలోనే హార్న్‌సీ పేరుతో ఒకదాని వెనక ఒకటిగా గాలిమరల క్షేత్రాలు లేచాయి. ఒక్కో ప్రాజెక్టు విడిగా చూపే లెక్కలో పోయే పక్షులు కొద్దే. ఆ కొద్దికొద్దీ కలిపి చూస్తే రక్షిత కాలనీకి హాని లేదని చెప్పడం కుదరలేదు. మూడో క్షేత్రానికి 2020 డిసెంబరులో అనుమతి ఇస్తూ, నష్టానికి పరిహారంగా కృత్రిమ గూళ్ల కట్టడాలు కట్టాలని బ్రిటన్ ప్రభుత్వం షరతు పెట్టింది. సఫోక్ తీరంలో సముద్రంలోనే ఆ కట్టడాలు లేచాయి. కానీ ఆ పక్షికి అసలు కరువు గూటిది కాదు, మేతది. అది తినే శాండీల్ అనే సన్న చేప తగ్గిపోవడమే పెద్ద దెబ్బ అని పక్షి నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. ఉత్తర సముద్రంలోని ఇంగ్లండ్ జలాల్లో ఆ చేప వేటను 2024లో ఆపారు. గూళ్లు కట్టడం కన్నా అదే మేలైన పని అని మా అభిప్రాయం. పరిహారం అనే మాట వినగానే మనం జాగ్రత్తపడాలి. నష్టం ఏమిటో సరిగా తెలియనప్పుడు ఇచ్చే పరిహారం తప్పు చోటికి చేరుతుంది.

ఇప్పుడు మన్నార్ సంగతి. అక్కడ పార్కు హద్దుల లోపల మరలు పెడతామని ఎవరూ అనడం లేదు. అయినా హద్దు బయట జరిగే పని లోపలికి చేరే దారులు చాలా ఉన్నాయి. ఎనిమిది పది మీటర్ల వ్యాసం ఉండే ఉక్కు స్తంభాలను సుత్తి యంత్రాలతో సముద్రపు నేలలోకి దిగగొట్టేటప్పుడు వచ్చే శబ్దం నీళ్లలో కిలోమీటర్ల కొద్దీ పోతుంది. డాల్ఫిన్లు, తిమింగలాలు శబ్దంతోనే దారి వెతుక్కునే జీవులు. నేల తవ్వితే లేచే బురద పగడాల మీద, సముద్రపు గడ్డి మీద పేరుకుంటే వాటికి వెలుతురు అందదు. కరెంటు ఒడ్డుకు రావాలంటే కేబుల్ ఎక్కడో ఒకచోట తీరాన్ని దాటాలి. అది గడ్డి మేటల మీదుగా పోతుందా, వాటిని తప్పించుకుని పోతుందా అన్నదే సగం సమస్య. ఇక పడవలు. నిర్మాణం జరిగే ఏళ్లలోనూ ఆ తర్వాతా సర్వీసు పడవలు రోజూ తిరుగుతాయి. నీళ్లపైకి నెమ్మదిగా వచ్చి ఊపిరి పీల్చుకునే సముద్రపు ఆవుకు పడవ దెబ్బ ప్రాణాంతకం.

ఈ జీవి దగ్గర కాస్త ఆగాలి. దేశం మొత్తం మీద ఇవి కొన్ని వందలే మిగిలాయి. ఒక ఆడ జీవి మూడు నుంచి ఏడేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. వాటి కోసమే తమిళనాడు 2022లో మన్నార్‌కు ఉత్తరాన ఉన్న పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల రిజర్వ్ ఏర్పాటు చేసింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. ఏడాదికి రెండు మూడు అదనపు మరణాలు ఇంత చిన్న సంఖ్యను కిందికి లాగేయగలవు. ‘ప్రభావం స్వల్పం’ అని నివేదికలో రాసే ఒక్క వాక్యం ఈ జీవి విషయంలో ఎంత బరువైనదో రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ధనుష్కోడి దగ్గరి ఫ్లెమింగోలదీ ఇలాంటి ప్రశ్నే. పులికాట్ దగ్గర మన తెలుగువాళ్లు ఏటా పండగ చేసుకుని చూసే పక్షులే అవి. దూర ప్రయాణాలు ఎక్కువగా రాత్రిపూట చేస్తాయి. ఆ సముద్రం మీదుగా ఏ నెలలో, ఎంత ఎత్తున ఎగురుతాయో రాడార్ పెట్టి చూడకుండా మరల వరసలు గీయకూడదు.

గుజరాత్ వైపు మనవాళ్ల బతుకులు కూడా ముడిపడి ఉన్నాయి. పిపావావ్‌కు ఎదురుగా ఖంభాత్ సింధుశాఖలో 2017లోనే గాలి కొలిచే లైడార్ యంత్రం పెట్టారు. ఆ సౌరాష్ట్ర తీరమే తిమింగల సొరలు గుంపులుగా వచ్చే చోటు. ఆ తీరంలోని వెరావల్ రేవు నుంచి బయలుదేరే బోట్ల మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా కూలికి వెళ్తారు. పాకిస్తాన్ చెరలో చిక్కి 2020 జనవరిలో విడుదలైంది వాళ్లలోని వారే. వేట చోట్లు తగ్గితే ఆ కూలీ కూడా తగ్గుతుంది. ఏ రుతువులో ఏ చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో, సొరలు ఎప్పుడు వస్తాయో బోటు మీదివాళ్లకు తెలుసు. పరిశీలన బృందం వాళ్లను అడగాలి. అడిగిన మాట నివేదికలో ఉండాలి.

ముందు కట్టి తర్వాత చూద్దామంటే ఏమవుతుందో బట్టమేక పిట్ట మనకు చూపింది. మన రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఈ పక్షి కోసమే ఏర్పడింది. ఇవాళ అక్కడ అది లేదు. గడ్డి నేలలు మారిపోవడం అక్కడి కథ. రాజస్థాన్‌లో మాత్రం విద్యుత్ తీగలే శాపమయ్యాయి. థార్‌లో 4,200 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఏటా సుమారు 84,000 పక్షులు తీగలు తగిలి చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. తీగలను భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. కట్టేసిన లైన్లను అంత విస్తీర్ణంలో మార్చడం సాధ్యం కాదని ప్రభుత్వం అంది. 2024లో కోర్టు తన ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేయాల్సి వచ్చింది. పక్షులు తిరిగే దారులను మొదటే గీసుకుని లైన్లు వేసి ఉంటే ఈ వివాదంలో చాలా భాగం పుట్టేదే కాదు.

కాబట్టి మేము కోరేవి స్పష్టంగా చెబుతాం. సముద్ర గాలి విద్యుత్‌ను 2006 నోటిఫికేషన్ షెడ్యూల్‌లో చేర్చాలి. 12 మైళ్ల అవతలి జలాలకు కూడా అది వర్తిస్తుందని రాతపూర్వకంగా చెప్పాలి. లీజుకు పెట్టే బ్లాకుల్లో కనీసం రెండేళ్లు నెలనెలా విమానం నుంచి, పడవ నుంచి లెక్కలు తీయించాలి. బ్రిటన్‌లో ఇది మామూలు పద్ధతి. ఆ పని బిడ్ గెలిచిన కంపెనీ డబ్బిచ్చి పెట్టుకునే కన్సల్టెంట్‌కు కాకుండా ప్రజా సంస్థలకు అప్పగించాలి. ఖర్చు ప్రభుత్వం భరించి తర్వాత లీజు రుసుములో రాబట్టుకోవచ్చు. అప్పుడు కంపెనీకి కూడా ఎక్కడ చిక్కులున్నాయో ముందే తెలుస్తుంది, లండన్ ఆరేలా మధ్యలో ఆగిపోయే టెన్షన్ ఉండదు. ఒక్కో బ్లాకుకు విడివిడిగా కాకుండా, ఆ ప్రాంతంలో రాబోయే మరలన్నిటి ప్రభావాన్నీ ఓడరేవుల, ట్రాలర్ల ప్రభావంతో కలిపి లెక్కించాలి. లెక్కలన్నీ ఎవరైనా చూసుకునేలా బయటపెట్టాలి.

అనుమతిలో పెట్టే షరతులు కొలవదగినవిగా ఉండాలి. స్తంభం దిగగొట్టే చోటికి 750 మీటర్ల దూరంలో శబ్దం 160 డెసిబెల్స్ దాటకూడదని జర్మనీ పరిమితి పెట్టింది. కంపెనీలు నీటి బుడగల తెరలు కట్టి ఆ పరిమితిలో పని చేస్తున్నాయి. వలస పక్షుల గుంపులు దాటే రాత్రి, 2023 మేలో నెదర్లాండ్స్ రెండు క్షేత్రాల్లో మరలను కొన్ని గంటలపాటు దాదాపు ఆపేసింది. వీటిలో ఏదీ మనకు చేతకాని పని కాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, పరిశీలన తర్వాత ‘ఈ బ్లాకు వద్దు’ అని చెప్పే అధికారం ఎవరిదో చట్టంలో ఉండాలి. తమిళనాడు బ్లాకులకు మళ్లీ టెండర్ పిలిచే రోజున, బిడ్డర్లకు ఇచ్చే కాగితాల్లో గాలి వేగం పటంతో పాటు సముద్రపు గడ్డి మేటల పటం, తాబేళ్ల దారుల పటం, మత్స్యకారుల వేట చోట్ల పటం కూడా జతచేయాలి. అవి సిద్ధం కాని బ్లాకును ఆ జాబితాలో పెట్టకూడదు.