జనవరి 30 జాబితాకు ఒక చేర్పు

'చరిత్రలో ఈ రోజు' తరహా మీ జాబితాలో, జనవరి 30 విశేషాల కింద, బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ మేడమీది కచేరీని ఒక్క వాక్యంలో ముగించారు. ఆ రోజుకు ఇంకాస్త చోటివ్వాల్సింది.

1969లో లండన్‌లోని 3, సావిల్ రో భవనం పైన దాదాపు 42 నిమిషాలు వాయించారు. కీబోర్డు మీద బిల్లీ ప్రెస్టన్. రికార్డింగ్ మాత్రం కింద, నేలమాళిగ స్టూడియోలో. పైనుంచి తీగలు అక్కడిదాకా దింపి, ఎనిమిది ట్రాకుల (ఎనిమిది ధ్వనులను విడివిడిగా పట్టే) టేపు మీద పట్టారు. చలిగాలి నేరుగా మైకులో కొడితే గొంతు వినపడక బుస్సుమనే హోరే మిగులుతుంది. అందుకే మైకులకు ఆడవాళ్ల పల్చటి మేజోళ్లు తొడిగారు. చౌక ఉపాయమే, కానీ టేపును కాపాడింది అదే.

చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 'గెట్ బ్యాక్' సింగిల్ (ఆల్బమ్‌తో కాక విడిగా విడుదల చేసిన పాట) మేడమీద పాడినది కాదు, అంతకు రెండు మూడు రోజుల ముందు స్టూడియోలో రికార్డయింది. 'లెట్ ఇట్ బి' ఆల్బమ్‌లో ఆ పాట చివర వినిపించే మాటలు మాత్రం మేడమీదివి, తర్వాత అతికించారు. ఆల్బమ్‌లోకి నిజంగా మేడమీది నుంచి వచ్చినవి మూడు: 'డిగ్ ఎ పోనీ', 'ఐవ్ గాట్ ఎ ఫీలింగ్', 'వన్ ఆఫ్టర్ 909'.

ఇలాంటి జాబితాల్లో రికార్డు చేసిన తేదీ, విడుదల తేదీ విడివిడిగా రాయాలి. ఉదాహరణకు, 'లెట్ ఇట్ బి' ఆల్బమ్ బ్రిటన్‌లో 1970 మే 8న, అమెరికాలో మే 18న వచ్చింది. ఏ దేశమో రాయకపోతే రెండు తేదీలూ తప్పులా కనిపిస్తాయి.

అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ న్యూయార్క్‌లో 'బ్లూ స్వేడ్ షూస్' పాట రికార్డు చేసిందీ జనవరి 30నే, 1956లో. దాన్నీ చేర్చండి.