సంతకం సరే, దేనికో రాయండి

సేవా సంస్థలు వాలంటీర్ల చేత గోప్యత ఒప్పందాల మీద, అంటే లోపలి విషయాలు బయట చెప్పబోమన్న కాగితాల మీద, సంతకాలు పెట్టించుకోవడంలో తప్పేమీ లేదని మీ వ్యాసంలో రాశారు. సగం ఒప్పుకుంటాను. సాయం కోసం వచ్చినవాళ్ల జబ్బులు, ఇంటి గొడవలు, దాతల ఫోన్ నంబర్లు బయటికి పొక్కకూడదు. దానికి కాగితం ఉండాల్సిందే.

నేను ఒక సంస్థలో ఫోన్లు ఎత్తే పని చేశాను. మొదటి రోజే నాలుగు పేజీలు చేతిలో పెట్టి, "అందరూ పెట్టేదేనండీ, కింద సంతకం చేసేయండి" అన్నారు. పెన్ను మూత కూడా వాళ్లే తీసి ఇచ్చారు! మూడో పేజీలో "సంస్థకు సంబంధించిన ఏ విషయమైనా, ఎప్పటికీ" అని ఉంది. ఏ విషయమైనా అంటే? కమిటీ ఎన్నికలో జరిగిన రభసా? లెక్కలు చూపించమని సభ్యులు అడిగిన ప్రశ్నా? అడిగితే నవ్వి ఊరుకున్నారు. కాపీ ఇవ్వమన్నా ఇవ్వలేదు.

ఇంకో మాట. ఇంగ్లిష్ కామన్ లా (పాత కోర్టు తీర్పుల ఆధారంగా పెరిగిన న్యాయ పద్ధతి) పాటించే దేశాల్లో మామూలు కాంట్రాక్టుకు ప్రతిఫలం ఉండాలి, అంటే ఇచ్చిన మాటకు బదులుగా ఏదో ఒకటి దక్కాలి. జీతం లేని వాలంటీరు దగ్గర అదే చిక్కు. అమెరికాలో 2022 నాటి స్పీక్ అవుట్ చట్టం ప్రకారం, లైంగిక వేధింపుల వివాదం రాకముందే రాయించుకున్న ఇలాంటి షరతులు ఆ వివాదంలో చెల్లవు. సంతకం పెట్టినవాళ్లలో ఎందరికి తెలుసు ఈ సంగతి? కోర్టుదాకా వెళ్లనక్కర్లేదు, కోర్టుకు లాగుతారేమోనన్న టెన్షన్ చాలు నోరు మూయించడానికి.

ఏది రహస్యమో, ఎన్నాళ్లో, తప్పు కనబడితే ఎవరికి చెప్పొచ్చో ఒక్క పేజీలో రాసిస్తే నేనిప్పుడే సంతకం పెడతాను.