వెన్నుపాము నలిగితే మర్దనతో పోదు

"వెన్నుపాము మీద ఒత్తిడి ఉందన్నారా? నొప్పి లేకపోతే పట్టించుకోనక్కర్లేదు. నలభై రోజులు నూనె మర్దన చేయిస్తే అదే సర్దుకుంటుంది. ఆపరేషన్‌కి మాత్రం వెళ్లకండి, కాళ్లు పడిపోతాయి." ఈ మెసేజ్ మా బంధువుల వాట్సాప్ గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. దీన్ని నమ్మి మా పెదనాన్న నాలుగు నెలలు పోగొట్టుకున్నారు. అందుకే ఇందులో ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు నొప్పి సంగతి. పెదనాన్నకి నొప్పే లేదు. చొక్కా గుండీలు పెట్టమని పెద్దమ్మని పిలిచేవారు. కలిపిన అన్నం వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. ఒకరోజు గుడి నుంచి వస్తూ ఒక చెప్పు దారిలోనే వదిలేసి ఇంటిదాకా నడిచొచ్చారు. చెప్పు జారిన సంగతి కాలికి తెలియనే లేదు. వయసు మీద పడిందనుకున్నాం మేమంతా. మెడ దగ్గర వెన్నుపాము నలిగితే చాలామందిలో మొదట కనబడేవి ఇవే. నరాల డాక్టర్లు "చెప్పు జారుతోందా? జారినట్టు తెలుస్తోందా?" అని అడిగేది ఇందుకే. కాళ్లు బిగుసుకుపోయినట్టుండటం, మెడ వంచితే వీపులోకి షాక్ కొట్టినట్టుండటం కూడా ఇవే కోవలోకి వస్తాయి.

ఇక మర్దన. కండరం పట్టేసినప్పుడు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ వెన్నుపాము ఉండేది ఎముకల గొట్టం లోపల. దాన్ని నొక్కేది జారిన డిస్క్ కావచ్చు, పెరిగిన ఎముక కావచ్చు, క్షయ వల్ల చేరిన చీము కావచ్చు, కాన్సర్ గడ్డ కావచ్చు. మన దగ్గర ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకి ఎముకలు మందమై ఆ గొట్టమే ఇరుకైపోతుంది. దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. వీటిలో దేన్నీ నూనె కదిలించలేదు. పైగా మెడ పట్టి టక్కున తిప్పారంటే, ఇరుకులో ఉన్న వెన్నుపాము ఇంకా నలిగి అప్పటికప్పుడే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్నది ఆపరేషన్ మాట. ఆపరేషన్‌లో రిస్క్ ఉంది, నిజమే. అందరికీ అవసరం కూడా రాదు. వెన్ను క్షయలో చాలామందికి మందులతోనే కాళ్లలో బలం తిరిగొస్తుంది. కొన్ని కాన్సర్లకి రేడియేషన్ సరిపోతుంది. కానీ నలిగిపోయిన వెన్నుపాము మళ్లీ పూర్తిగా కోలుకోవడం కష్టం. చికిత్స మొదలయ్యేనాటికి నడవగలుగుతున్నవాళ్లే ఆ తర్వాతా నడిచే అవకాశం ఎక్కువ. మంచాన పడ్డాక తీసుకెళ్తారు, లేవకపోతే తప్పు కత్తి మీద వేస్తారు. కాన్సర్ పాకి వెన్నుపాము నలిగిన 101 మంది మీద అమెరికాలో చేసిన పరిశోధన 2005లో వచ్చింది. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 57 శాతం మంది చికిత్స తర్వాత నడవగలిగితే, ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 84 శాతం మంది నడిచారు.

పెదనాన్నకి చివరికి ఎమ్మారై తీయించాం. ఎక్స్‌రేలో వెన్నుపాము కనబడదని అప్పుడే తెలిసింది. మెడ వెనక నుంచి ఎముక తీసి వెన్నుపాముకి చోటు చేశారు. ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లొస్తున్నారు. గుండీలు మాత్రం ఇప్పటికీ పెద్దమ్మే పెడుతుంది.

మెసేజ్‌లో లేనిది ఒకటుంది. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, కాళ్లు రోజురోజుకీ బలహీనమవుతున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఎమ్మారై ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకి కొత్తగా వెన్నునొప్పి మొదలైతే ఆ పాత జబ్బు సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి. ఇంట్లో ఇప్పటికే మంచాన ఉన్నవాళ్లుంటే రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పండి, మడమలూ పిరుదులూ ఎర్రబడ్డాయేమో రోజూ చూడండి. కాళ్లు చల్లగా ఉన్నాయని వేడినీళ్ల సంచి పెట్టకండి. స్పర్శ లేని చోట బొబ్బలెక్కినా వాళ్లకి తెలియదు.